లోతు సముద్రపు నత్తల వంశచరిత్ర: మైటోకాండ్రియా జన్యువు మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

గవ్వలతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో పదకొండేళ్ళుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. మొలస్కా పాఠం వచ్చినప్పుడల్లా, సిలబస్‌లో లేకపోయినా, హిందూ మహాసముద్రం అడుగున వేడినీటి బుగ్గల పక్కన బతికే పొలుసుపాదపు నత్తకు ఒక పీరియడ్ కేటాయిస్తాను. దాని శాస్త్రీయ నామం క్రైసోమాలాన్ స్క్వామిఫెరం. సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతున, సూర్యకాంతి అసలు సోకని చోట, పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పొలుసులతో, ఆ పొలుసుల మీద ఇనుప సల్ఫైడు పూతతో ఉండే ఈ నత్త బొమ్మను తెర మీద చూపించగానే వెనుక బెంచీల వాళ్ళు కూడా ముందుకు వంగి చూస్తారు.

ఈ ఏడాది పాఠంలో రెండు సంగతులు చెప్పాను. 2001లో కైరెయ్ అనే బుగ్గల క్షేత్రంలో మొదటిసారి దొరికిన నత్తల పొలుసులు నల్లగా ఉన్నాయి. 2009లో దానికి ఉత్తరాన సోలిటేర్ అనే క్షేత్రంలో దొరికినవి ఇనుప పూత లేకుండా తెల్లగా ఉన్నాయి. అయినా కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగంలోని జన్యువును పోల్చి చూసి రెండూ ఒకే జాతి అని తేల్చారు. ఇక పశ్చిమ పసిఫిక్‌లోనూ హిందూ మహాసముద్రంలోనూ ఉండే ఆల్వినికాంకా నత్తల విషయంలో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. గుల్ల నిండా వెంట్రుకల్లాంటి నూగుతో అవన్నీ చూడడానికి ఒకేలా ఉన్నా, జన్యువులు చూశాక అవి ఆరు జాతులని తేలింది.

అప్పుడు ఒక అమ్మాయి లేచి, "మేడం, కళ్ళకు వేరుగా కనిపించినవి ఒకటేనని, ఒకటిగా కనిపించినవి వేరువేరని ఆ చిన్న జన్యువు చెబితే మనం ఎందుకు నమ్మాలి? కణంలో వేల జన్యువులు ఉండగా దాన్నే ఎందుకు అడగాలి?" అంది. నేను తల్లి నుంచి వచ్చే వారసత్వం గురించి పుస్తకంలో ఉన్న నాలుగు మాటలు చెప్పాను గాని, ఆ జవాబు ఆ అమ్మాయికి చాలలేదు, నిజం చెప్పాలంటే నాకూ చాలలేదు. పైగా వ్యాసాలలో ఫలానా రెండు జాతులు ఇన్ని లక్షల ఏళ్ళ క్రితం విడిపోయాయని రాస్తారు కదా, ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తుందో కూడా నాకు స్పష్టంగా తెలియదు. ఈ పని చేతులతో చేసినవారు ఎవరైనా వివరిస్తే వచ్చే వారం తరగతిలో మళ్ళీ మొదలుపెడతాను.

పరీక్షనాళిక

గవ్వలతీరం గారూ, మీ విద్యార్థిని చాలా మంచి ప్రశ్న వేసింది. రెండు భాగాలుగా చెబుతాను. ముందు, ఆ జన్యువునే ఎందుకు అడుగుతారన్నది.

మన ఇళ్ళలో ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏను తల్లి నుంచి వచ్చే ఇంటిపేరుగా ఊహించుకోండి. కేంద్రకంలోని డీఎన్‌ఏ ప్రతి తరంలోనూ తల్లి వాటా, తండ్రి వాటా పేకముక్కలు కలిపినట్టు కలిసిపోతుంది కాబట్టి పది తరాల తరువాత ఏ ముక్క ఎవరిదో విడదీయడం కష్టం. మైటోకాండ్రియా డీఎన్‌ఏ అలా కలవకుండా తల్లి నుంచి బిడ్డలకు, వారిలో ఆడవాటి నుంచి వాటి బిడ్డలకు మొత్తంగా దిగుతుంది. మధ్యలో ఎక్కడైనా ఒక్క అక్షరం (ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన భాగాలలో ఒకటి) మారితే, ఆ మార్పు ఆ తల్లి ఆడసంతతి పొడవునా గుర్తుగా నిలిచిపోతుంది. అందుకే ఆ మార్పులను వెనక్కి లెక్కిస్తూ పోతే కొమ్మలుగా చీలిన ఒక వంశవృక్షాన్ని తిరిగి గీయగలుగుతాము.

పైగా అది చిన్నది. చాలా జంతువులలో సుమారు 15,000 నుంచి 17,000 అక్షరాల గుండ్రటి దారం, అందులో 37 జన్యువులు. వాటిలో 13 ప్రోటీన్లకు, 22 రవాణా ఆర్‌ఎన్‌ఏలకు, 2 రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలకు చెందినవి. పొలుసుపాదపు నత్త కేంద్రకంలో నలభై కోట్లకు పైగా అక్షరాలు ఉన్నాయని 2020లో దాని జన్యుపటం వెలువడినప్పుడు తెలిసింది. అంత గ్రంథంలో వెతకడం కంటే పదిహేను వేల అక్షరాలలో వెతకడం ఎంత తేలికో చెప్పనక్కరలేదు. ఇంకొక సౌలభ్యం కూడా ఉంది. ఒక్కో కణంలో కేంద్రకపు ప్రతులు రెండే ఉంటే, మైటోకాండ్రియా డీఎన్‌ఏ ప్రతులు వందల నుంచి వేల వరకు ఉంటాయి. రెండు కిలోమీటర్ల లోతు నుంచి పైకి తెచ్చేసరికి సగం పాడైన నత్త ముక్కలోనైనా చదవదగిన ప్రతులు మిగిలే అవకాశం ఎక్కువ.

నేను స్వయంగా లోతు సముద్రపు నత్తల మీద పని చేయలేదు. భీమునిపట్నం రాళ్ళ మీద ఏరిన నెరిటా నత్తలతో రెండేళ్ళు గడిపాను. అయితే బల్ల మీద పని మాత్రం ఒకటే. పాదం అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి, ప్రోటీన్లను కరిగించే ఎంజైములో వేసి, 56 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతాము. పొద్దున్నే మూత తీస్తే నాళికలో చిక్కటి గంజిలాంటి ద్రవం ఉంటుంది, పైపెట్ కొనకు తీగలా సాగుతుంది. నత్త జిగురులోని ఆ చక్కెర గొలుసులు డీఎన్‌ఏతో పాటే వచ్చి డీఎన్‌ఏ ముక్కకు ప్రతులు తీసే పీసీఆర్ పద్ధతిలోని ఎంజైమును పని చేయనివ్వవు. నా మొదటి పద్నాలుగు నమూనాలలో ప్రతులు వచ్చాయో లేదో చూపే జెల్ మీద ఒక్క పట్టీ కూడా వెలగలేదు. జిగురును తొలగించే సీటాబ్ ద్రావణంతో మళ్ళీ శుద్ధి చేసి, పదిరెట్లు పలుచన చేసిన తరువాత పదకొండు వెలిగాయి. నత్తల జన్యువుల మీద పనిచేసే ఎవరిని అడిగినా ఈ జిగురు సంగతి ముందుగా చెబుతారు.

ఇక్కడ మీ తరగతికి పనికివచ్చే చిన్న సంగతి ఒకటి ఉంది. ఇప్పుడు ప్రపంచమంతటా జంతువులను గుర్తించడానికి వాడే సైటోక్రోమ్ సీ ఆక్సిడేస్ మొదటి ఉపభాగపు జన్యువు, అంటే సీఓఐ, అందులో సుమారు 658 అక్షరాల ముక్కను బయటికి లాగే ప్రైమర్ల (ఆ ముక్క రెండు చివరలకూ అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కల) జతను 1994లో ఫోల్మర్, ఆయన సహచరులు ప్రకటించారు. ఆ అయిదుగురిలో లట్జ్, వ్రైయెన్‌హూక్ అనే ఇద్దరు లోతు సముద్రపు బుగ్గల దగ్గర బతికే జీవుల మీద ఏళ్ళ తరబడి పనిచేసినవారు. సీతాకోకచిలుకలనూ చేపలనూ గుర్తించడానికి అందరూ వాడుతున్న ఆ 658 అక్షరాల ముక్కకు ఈ బుగ్గలతో అంత దగ్గర చుట్టరికం ఉంది.

ఇక ఎందుకు నమ్మాలన్నది. ఒక్క జన్యువు మాట మీద ఎవరూ జాతులు ప్రకటించకూడదు. ఆల్వినికాంకా విషయంలో ఎవరూ అలా చేయలేదు కూడా. ఆ ప్రజాతిని 1988లో ఓకుటాని, ఓహ్తా వర్ణించినప్పుడు మరియానా ద్రోణిలో దొరికిన ఆల్వినికాంకా హెస్లరి ఒక్కటే జాతి. 2001లో కోజిమా బృందం పశ్చిమ పసిఫిక్ నమూనాల మైటోకాండ్రియా వరుసలను పోల్చి, అందులో ఒకటి కంటే ఎక్కువ వంశాలు ఉన్నాయని చూపింది. వాటికి పేర్లు పెట్టింది మాత్రం 2014 చివరిలోనే. ఆ మధ్యకాలంలో కేంద్రక జన్యువులను కూడా చదివి, రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నాయని చూసుకున్నాకే అయిదు కొత్త జాతులను ప్రకటించారు. వాటిలో ఒకదానికి కోజిమా పేరే పెట్టారు. ఇందులో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఏమిటంటే, టాంగా దగ్గరి లావ్ ద్రోణిలో ఈ జాతులు మూడు ఉన్నాయి, కొన్ని చోట్ల రెండేసి జాతులు ఒకే బుగ్గ చుట్టూ గుంపుగా ఉంటాయి. దూరం అడ్డు లేని చోట కూడా వాటి కేంద్రక జన్యువులు కలిసిపోలేదంటే అవి ఒకదానితో ఒకటి జతకట్టడం లేదన్నమాట. గుల్ల చెప్పలేని సంగతిని ఇక్కడ రెండు రకాల జన్యువులూ కలిసి చెప్పాయి.

సముద్రశిల

నేను భూగర్భశాస్త్రం చదువుకున్నవాణ్ణి. నత్తల గురించి పరీక్షనాళిక గారు చెప్పారు కాబట్టి సంవత్సరాల లెక్క గురించి రాస్తాను. ఈ లెక్క మీదనే నాకు ఎక్కువ సందేహాలు ఉన్నాయి.

జన్యువులో అక్షరాలు ఎంత వేగంతో మారుతాయో తెలిస్తే, రెండు జాతుల మధ్య తేడాను ఆ వేగంతో భాగించి కాలం చెప్పవచ్చు. సూత్రం ఇంతే. ఆ వేగం జన్యువు మీద రాసి ఉండదు కాబట్టి, తేదీ తెలిసిన ఏదో ఒక భౌగోళిక సంఘటన కావాలి. పనామా భూసంధి సుమారు 30 లక్షల ఏళ్ళ క్రితం పూర్తిగా మూసుకుపోయి అట్లాంటిక్‌ను, పసిఫిక్‌ను విడదీసింది. దానికి రెండు వైపులా మిగిలిపోయిన టెగులా అనే తీరపు నత్తలను పోల్చినప్పుడు సీఓఐలో పది లక్షల ఏళ్ళకు సుమారు 2.4 శాతం తేడా వస్తుందని తేలింది. లోతు సముద్రానికి మరొక గడియారం ఉంది. సుమారు 2 కోట్ల 80 లక్షల ఏళ్ళ క్రితం పసిఫిక్ అడుగున ఒకటిగా సాగిన పర్వతశ్రేణి ఉత్తర అమెరికా ఖండం అంచును తాకి, కొంత భాగం దాని కిందికి జారిపోవడంతో, ఉత్తరాన గోర్డా, హువాన్ డి ఫూకా శ్రేణులు, దక్షిణాన తూర్పు పసిఫిక్ శ్రేణి వేరుపడ్డాయి. ఆ రెండు వైపులా ఉన్న పురుగుల జతలను పోల్చి 2002లో లెక్కకట్టినప్పుడు వచ్చిన వేగం పది లక్షల ఏళ్ళకు సుమారు 0.2 శాతమే.

ఇప్పుడు రెండు నత్త జాతుల మధ్య సీఓఐలో 4.8 శాతం తేడా ఉందనుకోండి. మొదటి గడియారం ప్రకారం అవి విడిపోయి 20 లక్షల ఏళ్ళు. రెండవ దాని ప్రకారం 2 కోట్ల 40 లక్షల ఏళ్ళు. ఒకటి నత్తల గడియారమే గాని తీరపు నత్తలది, మరొకటి లోతు సముద్రపు గడియారమే గాని పురుగులది. లోతు సముద్రపు నత్తకు రెండింటిలో ఏది సరిపోతుంది? నేను మొదటి దాని వైపే మొగ్గుతాను, ఎందుకంటే చలి, చీకటి, లోతు కంటే జీవి వంశమే ఈ వేగాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. అయితే ఒక వ్యాసంలో కాలం చూసినప్పుడు అది ఏ గడియారంతో వచ్చిందో చూడకుండా తరగతిలో చెప్పవద్దని మనవి. వీలున్నచోట శిలాజాలను కూడా ఆధారంగా తీసుకుంటారు. జపాన్‌లోని హొక్కైడోలో క్రెటేషియస్ కాలపు ప్లీసియోసార్ అనే సముద్రపు సరీసృపం ఎముకల పక్కన ఆల్వినికాంకా నత్తల కుటుంబానికి దగ్గరి గుల్లలు దొరికాయి. ఆ సమూహం తిమింగిలాలు పుట్టకముందే సముద్రపు అడుగున ఉందని దాని వల్ల తెలుస్తుంది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణలో మాత్రం గడియారం అవసరమే లేదు. అమెరికాలోని ఓరెగాన్ తీరానికి ఎదురుగా హువాన్ డి ఫూకా శ్రేణి, గోర్డా శ్రేణి ఒకే గీత మీద లేవు. వాటి మధ్య బ్లాంకో అనే భ్రంశం (సముద్రపు అడుగు విరిగి పక్కకు జరిగిన చోటు) సుమారు 350 కిలోమీటర్లు అడ్డంగా సాగుతుంది, దాని పొడవునా బుగ్గలు దాదాపు లేవు. రెండు శ్రేణుల మీదా టోపీలాంటి గుల్లతో రాళ్ళను అంటుకుని ఉండే లెపెటోడ్రిలస్ నత్తలను ఒకే జాతిగా భావించేవారు. మైటోకాండ్రియా వరుసలు తీసి చూస్తే భ్రంశానికి ఉత్తరాన ఒక వంశం, దక్షిణాన ఇంకొక వంశం కనబడ్డాయి. 2006లో దక్షిణాది దానికి లెపెటోడ్రిలస్ గోర్డెన్సిస్ అనే కొత్త పేరు వచ్చింది. పటంలో గీత ఎక్కడ విరిగిందో వంశవృక్షం కూడా అక్కడే చీలింది. మీ పిల్లలకు ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

గవ్వలతీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. తల్లి నుంచి వచ్చే ఇంటిపేరు అన్న పోలిక నాకు ఎన్నడూ తట్టలేదు.

ఆ పోలిక మీదనే ఒక అనుమానం. ఒక ఇంటిపేరు గలవారికి మగపిల్లలు లేకపోతే ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది, మనుషుల వంశం మాత్రం కూతుళ్ళ ద్వారా కొనసాగుతూనే ఉంటుంది. నత్తల తల్లి వంశానికి కూడా అలాగే జరిగితే, మనం గీసిన వృక్షం నత్తల చరిత్రా, లేక ఆ ఇంటిపేరు చరిత్రా? ఇంకొకటి, నల్ల నత్త, తెల్ల నత్త ఉదాహరణలో రంగు తేడా ఎందుకు వచ్చిందో, అది జన్యువులలో లేదని ఎలా తెలుసుకున్నారో ఎవరైనా చెప్పగలరా?

అలలజాడ

రంగు సంగతి నేను చెబుతాను. కైరెయ్ బుగ్గల నీటిలో ఇనుము ఎక్కువ, సోలిటేర్ నీటిలో చాలా తక్కువ. నత్త తన పొలుసులలోని సన్నటి నాళాల గుండా గంధకాన్ని బయటికి పంపుతుంది, నీటిలోని ఇనుము లోపలికి చేరి దానితో కలిసినప్పుడు ఇనుప సల్ఫైడు రేణువులు ఏర్పడతాయని 2019లో వెలువడిన పరిశోధన చూపింది. ఇనుము లేని చోట అదే నత్త తెల్లగానే ఉంటుంది. సీఓఐ వరుసలలో రెండు గుంపులకూ జాతి భేదం చెప్పేంత తేడా లేకపోవడం, పూత నీటి నుంచి వస్తోందన్న ఈ వివరణ, రెండూ ఒకదానికొకటి సరిగ్గా సరిపోయాయి.

డింభకాల (గుడ్డు నుంచి వచ్చే తొలి పిల్లదశ) గురించి కూడా ఒక మాట. వంశవృక్షం ఎక్కడ చీలుతుందన్నది కదలలేని పెద్ద నత్త మీద కాదు, నీటిలో కొట్టుకుపోయే డింభకం మీద ఆధారపడుతుంది. జపాన్‌కు దక్షిణాన ఉండే షింకైలెపాస్ మ్యోజినెన్సిస్ అనే బుగ్గల నత్త డింభకాలను ప్రయోగశాలలో పొదిగించి చూస్తే అవి నేరుగా పైకి ఈదాయి. సముద్రపు ఉపరితలం దాకా వచ్చి, అక్కడ తిని పెరిగి, చాలాకాలం తరువాత మళ్ళీ అడుగుకు దిగుతాయని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. దూరదూరపు బుగ్గల మధ్య ఆ జాతి మైటోకాండ్రియా వరుసలలో తేడాలు కనబడకపోవడం దానికి తగినట్టే ఉంది. ఇఫ్రెమేరియా నాటిలెయ్ అనే నత్తది వేరే దారి. అది పిల్లలను పాదంలోని సంచిలో కొంతకాలం మోసి వదులుతుంది. పాపువా న్యూ గినీ దగ్గరి మానుస్ ద్రోణిలోని ఇఫ్రెమేరియా తల్లి వంశాలు ఫిజీ, లావ్ ద్రోణుల వంశాల నుంచి స్పష్టంగా వేరుగా కనిపిస్తాయి.

పరీక్షనాళిక

గవ్వలతీరం గారి అనుమానం సరైనదే. మనం గీసేది ఇంటిపేరు చరిత్రే. అయితే ఆ చరిత్ర జాతుల చరిత్రకు చాలాసార్లు దగ్గరగా నడవడానికి ఒక కారణం ఉంది. కేంద్రక జన్యువు ప్రతులు ఆడ, మగ రెండింటిలోనూ రెండేసి ఉంటే, తరువాతి తరానికి చేరే మైటోకాండ్రియా ప్రతి ఆడదానిలో ఉన్న ఒక్కటే. అంటే అందుబాటులో ఉన్న ప్రతులు నాలుగో వంతు. ప్రతులు తక్కువైనప్పుడు మీరు చెప్పినట్టు పాత ఇంటిపేర్లు త్వరగా అంతరించి, ఒక గుంపు మొత్తానికి ఒకే పేరు మిగులుతుంది. రెండు గుంపులు విడిపోయిన సంగతి కేంద్రక జన్యువులలో ఇంకా గజిబిజిగా ఉన్నప్పుడే మైటోకాండ్రియాలో తేటగా కనబడడం అందువల్లే.

ఇదే గుణం ఒక పొరపాటుకు కూడా దారి తీస్తుంది. తూర్పు పసిఫిక్ శ్రేణి వంటి, సముద్రపు అడుగు వేగంగా విడిపోతున్న చోట్ల బుగ్గలు ఎక్కువకాలం నిలవవు. అక్కడ 9 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 1991లో ఒకసారి, 2005-06లో మరొకసారి లావా పొంగి బుగ్గల చుట్టూ ఉన్న జీవులను కప్పేసింది. మళ్ళీ పక్క బుగ్గల నుంచి కొన్ని డింభకాలు వచ్చి కొత్త గుంపును మొదలుపెట్టాయి. లక్షల ఏళ్ళుగా ఇలా తుడిచిపెట్టుకుపోవడం, కొద్దిమందితో మళ్ళీ మొదలుకావడం జరుగుతూ ఉంటే, మైటోకాండ్రియా వరుసలన్నీ ఒక ఇటీవలి తల్లి దగ్గర కలుస్తాయి. దాన్ని చూసి జాతే కొత్తదని అనుకోకూడదు.

సంకరం జరిగిన చోట మైటోకాండ్రియా ఒక్కటే ఏమీ చెప్పలేదు. నత్తలు కాకపోయినా దగ్గరి చుట్టాలైన ఆల్చిప్పల ఉదాహరణ ఉంది. అట్లాంటిక్ మధ్య శ్రేణి మీద బ్రోకెన్ స్పర్ అనే చోట బాథిమోడియోలస్ ప్రజాతికి చెందిన రెండు జాతులు కలిసి సంకరాలు పుడుతున్నాయి. సంకరపు పిల్లలో తల్లి జాతి ముద్ర మాత్రమే మైటోకాండ్రియాలో ఉంటుంది కాబట్టి తండ్రి ఎవరో తెలియాలంటే కేంద్రకంలోకి వెళ్ళక తప్పదు.

మరీ పాత చీలికల దగ్గర ఇంకొక చిక్కు వస్తుంది. ప్రోటీన్ జన్యువులలో ప్రతి మూడవ అక్షరం మారినా చాలాసార్లు ప్రోటీన్ మారదు, అందువల్ల అది త్వరత్వరగా మారుతూ ఉంటుంది. కొంతకాలానికి పలక మీద ఒకే చోట రాసి చెరిపి, రాసి చెరిపినట్టు అవుతుంది. చివరి రాత తప్ప ముందు రాతలు కనబడవు. అందుకే ఆరు ఆల్వినికాంకాలను విడదీయడానికి సీఓఐ చక్కగా పనికివస్తుంది గాని, పొలుసుపాదపు నత్త చేరిన సమూహం మొత్తం గాస్ట్రోపాడ్లలో (నత్తల వర్గంలో) ఎక్కడ నిలుస్తుందన్న ప్రశ్నకు అది చాలదు. పూర్తి మైటోకాండ్రియా వరుసలు తీసినా, వేగంగా మారిన కొమ్మలు చుట్టరికం లేకుండానే ఒకదాని పక్కకు ఒకటి చేరిపోయే ఇబ్బంది ఉంటుంది. అంత లోతుకు వెళ్ళాలంటే కేంద్రకంలోని వందల జన్యువులు కావాలి.

నౌకాయాత్రి

ఇదంతా చదువు కోసమే అనుకోకండి. పొలుసుపాదపు నత్తను నైరుతి హిందూ మహాసముద్ర శ్రేణి మీద లాంగ్‌చీ అనే క్షేత్రంలో కూడా కనుగొన్నారు. అది కైరెయ్, సోలిటేర్‌లకు రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం. 2015లో ఈ మూడు చోట్ల నత్తల సీఓఐ వరుసలను పోల్చినప్పుడు కైరెయ్, సోలిటేర్‌ల మధ్య రాకపోకలు ఉన్నాయని, లాంగ్‌చీకి మాత్రం వాటితో సంబంధం చాలా తక్కువని తేలింది. అంటే లాంగ్‌చీలో నత్తలు నశిస్తే మిగతా రెండు చోట్ల నుంచి డింభకాలు వచ్చి ఆ చోటును నింపుతాయన్న భరోసా లేదు.

ఆ బుగ్గల చుట్టూ పేరుకునే సల్ఫైడు గుట్టలలో రాగి, జింకు, బంగారం ఉంటాయి. అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ ఇచ్చిన అన్వేషణ ఒప్పందాలలో కైరెయ్ జర్మనీ పరిధిలో, లాంగ్‌చీ చైనా పరిధిలో ఉన్నాయి. సోలిటేర్ మారిషస్ జలాలలో ఉంది. 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఈ నత్తను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. లోతు సముద్రపు తవ్వకాల ముప్పు కారణంగా ఆ జాబితాలో చేరిన మొదటి జాతి ఇదే. మన దేశం కూడా 2016లో ఇవే శ్రేణుల మీద 10,000 చదరపు కిలోమీటర్లలో సల్ఫైడుల అన్వేషణకు పదిహేనేళ్ళ ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు మధ్య హిందూ మహాసముద్ర శ్రేణి మీద సుమారు 4,500 మీటర్ల లోతున బుగ్గ పొంగుతుండగా చిత్రాలు తీశారు. చెన్నైలో మనుషులను తీసుకువెళ్ళే మత్స్య 6000 జలాంతర వాహనం తయారవుతోంది. ఖనిజం ఎంతుందో కొలిచే ప్రతి యాత్రలోనూ నత్త పాదపు ముక్కలు కొన్ని ఆల్కహాలులో వేసి తీసుకురావాలని, గుట్టను తాకక ముందే ఏ బుగ్గ ఏ బుగ్గకు పుట్టిల్లో తెలుసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. తవ్విన తరువాత ఆ ప్రశ్న అడగడానికి నత్తలు ఉండవు.

గవ్వలతీరం

పుట్టిల్లు అన్న మాట మా పిల్లలకు వెంటనే పడుతుంది. ఇలా చేద్దామనుకుంటున్నాను. బహిరంగ డేటాబేస్ నుంచి మూడు క్షేత్రాల సీఓఐ వరుసలు కొన్ని, వాటితో పాటు ఆల్వినికాంకా వరుసలు రెండు మూడు తీసుకుని, పొడవాటి కాగితాల మీద ఒకదాని కింద ఒకటి అచ్చు వేయించి, తేడా ఉన్న నిలువు వరుసలకు పిల్లల చేత రంగు పెన్సిళ్ళతో గీతలు పెట్టిస్తాను. ప్రశ్న అడిగిన అమ్మాయికి ఆ తేడాలు లెక్కపెట్టి వృక్షం గీసే పని అప్పగిస్తాను. ఇందులో నేను పొరపడే చోటు ఏదైనా ఉంటే ముందే చెప్పండి.

పరీక్షనాళిక

ఒక్కటి ఉంది. పిల్లలు ఆ అక్షరాలను మూడేసిగా విడగొట్టి అమైనో ఆమ్లాలుగా మార్చబోతే, పాఠ్యపుస్తకంలోని సంకేత పట్టిక ఇవ్వకండి. అందులో టీజీఏ అంటే ఆగు అని అర్థం. నత్తల మైటోకాండ్రియాలో మాత్రం అదే టీజీఏ ట్రిప్టోఫాన్‌కు గుర్తు. అలాగే ఏటీఏ మెథియోనిన్‌కు, ఏజీఏ, ఏజీజీ రెండూ సెరీన్‌కు గుర్తులు. అకశేరుకాల మైటోకాండ్రియా పట్టిక విడిగా ఉంటుంది, డేటాబేసులలో దాని సంఖ్య 5. మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాలా, రెండవ దాని నుంచా, మూడవ దాని నుంచా అన్నది మూడూ ప్రయత్నించి చూడాలి. మధ్యలో ఎక్కడా ఆగు అన్న గుర్తు రాని చదువే సరైనది. ఆ పట్టికతో ఎటు నుంచి చదివినా మధ్యలో ఆగు అన్న గుర్తు కనబడితే, అది ఎప్పుడో మైటోకాండ్రియా నుంచి కేంద్రకంలోకి జారిపోయి పని మానేసిన పాత ప్రతి అయి ఉండవచ్చు. అలాంటి వరుసను పక్కన పెట్టి, లెక్కలో కలపవద్దని పిల్లలకు చెప్పండి. నా నెరిటాలలో పదకొండింటిలో ఒకటి అలాగే వచ్చింది, దాన్ని గుర్తించకముందు గీసిన వృక్షంలో అది అన్నిటికీ దూరంగా ఒంటరి కొమ్మగా నిలబడి, నాలుగు రోజులు నన్ను కొత్త జాతి దొరికిందన్న ఆశలో ఉంచింది.